చలిని గెలిచిన లూసర్న్ మన వానను గెలుస్తుందా?

పాడి పెట్టుకున్నవాళ్ల లెక్కల పుస్తకంలో అన్నిటికన్నా పెద్ద పద్దు మేత, దాణాలదే. కో-4, సూపర్ నేపియర్ లాంటి గడ్డి రకాలు ఊరూరా పాకి పచ్చిమేత కరువును కొంత తీర్చాయి. అయితే గడ్డిజాతి మేతతో పశువుకు కడుపు నిండుతుందే గాని, పాలకు కావలసిన మాంసకృత్తులు చాలవు. నేపియర్ ఎండు బరువులో అవి 8-10 శాతం. వరిగడ్డిలో 3-4 శాతం దాటవు. ఆ లోటును వేరుశనగ చెక్కో పత్తి చెక్కో కొని పూడ్చుకోవాలి. చెక్క ధర ఎగిసినప్పుడల్లా పాల మీద మిగిలేది కరిగిపోతుంది.

ఈ లోటును సొంత చేలోనే తీర్చుకునే దారి కాయజాతి పశుగ్రాసాలు. వాటిలో ప్రపంచమంతా పెద్దపీట వేసింది లూసర్న్‌కే. విత్తన దుకాణాల్లోనూ ఫోన్ తెరల మీదా దీని గురించి రెండు మాటలు తరచు వినిపిస్తాయి: ఒక్కసారి వేస్తే ఐదేళ్లు కోసుకోవచ్చు, ఎలాంటి వాతావరణమైనా తట్టుకుంటుంది. మొదటి మాటలో కొంత నిజముంది. రెండో మాట దగ్గరే ఆగి ఆలోచించాలి. లూసర్న్ గట్టి పైరే. దేనికి గట్టి అన్నది ఏ రకం ఎక్కడ పుట్టింది, అక్కడ దాన్ని చంపబోయింది ఏమిటి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ పైరు చరిత్ర, మన దగ్గరి అనుభవం రెండూ ఈ సంగతే చెబుతాయి.

చలి నేర్పిన గట్టిదనం

లూసర్న్ పుట్టిల్లు ఇరాన్, కాకసస్, మధ్య ఆసియా ప్రాంతాలు. పారశీక దండయాత్రలతో ఇది గ్రీసుకు చేరిందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. 16వ శతాబ్దంలో స్పెయిన్‌వాళ్లు దక్షిణ అమెరికాకు తీసుకుపోయారు. 1850ల్లో, బంగారం వేట రోజుల్లో, చిలీ నుంచి వచ్చిన విత్తనం కాలిఫోర్నియాలో పాతుకుపోయింది. ఎండలు కాసే ఆ పొడి నేలల్లో దానికి తిరుగులేకపోయింది. అదే విత్తనం ఉత్తరాన మంచు గడ్డకట్టే రాష్ట్రాల్లో వేస్తే ఒక్క శీతాకాలంతోనే చేను ఖాళీ అయ్యేది.

ఆ ముడి విప్పింది ఒక మామూలు రైతు. జర్మనీలోని బాడెన్ ప్రాంతం నుంచి 1857లో అమెరికాకు వలస వెళ్లిన వెండెలిన్ గ్రిమ్ తన ఊళ్లో పండే లూసర్న్ విత్తనం కొంచెం సంచిలో కట్టుకుపోయాడు. మరుసటి ఏడాది మిన్నెసోటాలోని కార్వర్ కౌంటీలో తన పొలంలో చల్లాడు. చలికి చాలా మొక్కలు చచ్చాయి. బతికిన మొక్కల గింజలు తీసి మళ్లీ వేశాడు. మళ్లీ కొన్ని చచ్చాయి, మిగిలినవాటి గింజలు మళ్లీ దాచాడు. ఏళ్ల తరబడి ఇదే పని. 1890లో ఆయన పోయేనాటికి చుట్టుపక్కల రైతుల చేలల్లో చలికి చెక్కుచెదరని లూసర్న్ ఉంది గాని, దాని విలువ బయటి లోకానికి తెలియదు. ఆర్థర్ లైమన్ అనే స్థానికుడు పట్టుబట్టి చెప్పగా, 1900 ప్రాంతంలో మిన్నెసోటా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త విలెట్ హేస్ దృష్టి దాని మీద పడింది. ఉత్తర అమెరికా చలి రాష్ట్రాల్లో లూసర్న్ నిలదొక్కుకోవడానికి గ్రిమ్ రకమే పునాది అయింది. 1924లో ఆయన పేర కార్వర్ కౌంటీలో స్మారకం నిలిపారు.

చదువుకున్న ప్రజననవేత్తలు లేకుండానే ఇది జరగడానికి కారణం ఈ మొక్క స్వభావంలో ఉంది. లూసర్న్‌లో పరపరాగ సంపర్కం ఎక్కువ. పైగా ప్రతి కణంలో క్రోమోజోములు నాలుగేసి జతకట్టి ఉంటాయి. అందువల్ల ఒకే రకం పేరుతో వేసిన చేలోనూ ఏ రెండు మొక్కలూ అచ్చంగా ఒకటి కావు. బలమైనవీ బలహీనమైనవీ పక్కపక్కనే ఉంటాయి. ఏరివేత పని వాతావరణం చేస్తే, గింజ దాచే పని గ్రిమ్ చేశాడు. ఆయన తెచ్చిన విత్తనంలో పసుపు పూల అడవి లూసర్న్ రక్తం కొంత కలిసి ఉండటమూ కలిసొచ్చింది. ఆ పసుపు పూల జాతినే దక్షిణ డకోటాకు చెందిన నీల్స్ హాన్సెన్ సైబీరియా దాకా వెళ్లి సేకరించి తెచ్చాడు. కెనడాలోని స్విఫ్ట్ కరెంట్‌లో 1955లో విడుదలైన రాంబ్లర్ రకం, వేర్ల మీదుగా పక్కలకు పాకే గుణాన్ని ఆ జాతి నుంచే అందుకుంది.

ఈ కథలో మన దేశానికీ చోటుంది. 1910లో లేహ్ నుంచి వెళ్లిన కొద్దిపాటి విత్తనం అమెరికాలో లడాక్ అనే రకమై, మొంటానా వంటి చలి, బెట్ట రెండూ ఉన్న చోట్ల పేరు తెచ్చుకుంది. వేసవిలో మొదటి కోత దండిగా ఇచ్చి, తేమ ఆరిపోగానే నిద్రలోకి జారుకోవడం దాని తీరు.

ఇంత గట్టి రకాలూ కొత్త శత్రువు ఎదురైనప్పుడు నిలవలేదు. 1920ల్లో బాక్టీరియా వడలు తెగులు అమెరికా చేలను పట్టినప్పుడు గ్రిమ్ మొక్కలు రెండు మూడేళ్లకే చావసాగాయి. చలిని ఓడించిన రకానికి ఆ తెగులును ఎదుర్కొనే గుణం లేదు. 1940ల్లో రేంజర్, 1953లో విస్కాన్సిన్ నుంచి వెర్నల్ రకాలు వచ్చి దాని స్థానం తీసుకున్నాయి. ఆస్ట్రేలియాలో హంటర్ నది లోయ పేరుతో శతాబ్దానికి పైగా సాగైన రకానిదీ ఇదే గతి. అక్కడి ఎండకు, బెట్టకు అది రాటుదేలింది. 1977లో మచ్చల పేనుబంక ఆ దేశంలో అడుగుపెట్టింది. అంతకుముందు ఆ పురుగునే ఎరుగని హంటర్ రివర్ చేలు చూస్తుండగానే ఎండిపోయాయి. ఏ రకమైనా తన ఊరి కష్టాలకు తట్టుకుంటుంది. ఎన్నడూ ఎదురుపడని కష్టానికి దాని దగ్గర మందు ఉండదు.

మనకు శీతాకాలం అంటే వర్షాకాలమే

ఈ వెలుగులో మన రెండు రాష్ట్రాలను చూస్తే, చలికి గట్టి రకమన్న పేరు మనకు పనికిరాదు. కొంత నష్టం కూడా. లూసర్న్ రకాలను నిద్రావస్థను బట్టి 1 నుంచి 11 దాకా తరగతులు చేస్తారు. 1వ తరగతి రకాలు పగటి పొద్దు తగ్గి చల్లబడగానే పెరుగుదల ఆపి పడుకుంటాయి. మంచు దేశాల్లో వాటిని కాపాడేది ఆ నిద్రే. 9 పైన ఉన్నవి చలికాలంలోనూ పెరుగుతూనే ఉంటాయి. మన దగ్గర నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే లూసర్న్‌కు అచ్చొచ్చే కాలం. సరిగ్గా అప్పుడే నిద్రపోయే రకం తెచ్చి వేస్తే, లేహ్‌లో ఎంత మొనగాడైనా లేపాక్షిలో చతికిలపడుతుంది. విదేశీ విత్తనం కొనేవాళ్లు సంచి మీద మొట్టమొదట చూడాల్సింది ఈ తరగతి అంకె.

మన దగ్గర లూసర్న్‌ను చంపేది మూడు కలిసి వచ్చే కాలం: వేడి, నిలవ నీరు, కలుపు. ఒక్కొక్కటీ విడిగా వస్తే ఈ మొక్క ఓర్చుకుంటుంది. తల్లివేరు రెండు మూడు మీటర్ల లోతుకు దిగుతుంది కాబట్టి బెట్టను బాగానే తట్టుకుంటుంది, ఆకులు రాల్చి అయినా మొదలును బతికించుకుంటుంది. నీరు నిలిచిన చోట మాత్రం వేరుకు ఊపిరాడదు. తడి నేలలో వేరుకుళ్లు శిలీంధ్రాలు అందుకుంటాయి. అలా దెబ్బతిన్న మొక్కను పెకలించి వేరును నిలువునా చీల్చి చూస్తే, తెల్లగా ఉండాల్సిన లోపలి భాగం గోధుమరంగు చారలు కట్టి ఉంటుంది. పైన ఆకు పసుపెక్కడం చూసి యూరియా చల్లే రైతుకు ఈ సంగతి కనపడదు.

వేడిమి, నీరు కలిస్తే ఏమవుతుందో కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయ రైతులకు బాగా తెలుసు. నలభై డిగ్రీల ఎండలో కొత్తగా కోసిన మడిలో నీళ్లు కొన్ని గంటలు నిలిస్తే చాలు, మొక్కలు ఉడికినట్టయి గుంపులు గుంపులుగా చచ్చిపోతాయి. వ్యాధి ఏదీ లేకుండానే ఈ నష్టం జరుగుతుంది. మన మే నెలలో కోత కోసిన మర్నాడే బోరు వదిలి మడి నింపే అలవాటు ఉన్నచోట కూడా ఇదే ప్రమాదం. కోసిన తర్వాత నాలుగైదు రోజులు ఆగి, కొత్త చిగుళ్లు కాస్త లేచాక, అదీ సాయంత్రం పూట పలుచగా తడపడం మేలు.

ఇక మూడోది కలుపు. జూలై, ఆగస్టుల్లో మబ్బు కమ్మి లూసర్న్ మందగిస్తుంది. గరిక, తుంగ, ఊద అదే అదనుగా పైకి లేస్తాయి. రెండు నెలలు కలుపు నీడలో ఉన్న మొదళ్లు అక్టోబరుకు సగమే మిగులుతాయి.

ఈ లెక్కన ప్రాంతాలవారీ తీర్పు దానంతట అదే తేలుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం వైపు, చిత్తూరు పడమటి మెట్టల్లో, దక్షిణ తెలంగాణ ఎర్ర చల్కా నేలల్లో, బోరు నీటికి భరోసా ఉంటే లూసర్న్ రెండు మూడేళ్లు నిలుస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల బరువు నేలల్లో, నీరు దిగని నల్లరేగళ్లలో దాన్ని బహువార్షికం అనుకోవడం ఆశ మాత్రమే. అక్కడ అక్టోబరులో విత్తి జూన్ దాకా కోసుకుని దున్నేసే పైరుగా లెక్కవేసుకుంటే నిరాశ ఉండదు. పుల్ల నేలలు దీనికి అసలు గిట్టవు. ఉదజని సూచిక 6.5 నుంచి 8 లోపు ఉన్న, నీరు ఇంకిపోయే గరప నేల కావాలి.

మన దేశపు రకాలు

బ్రిటిష్ కాలంలో సైన్యం గుర్రాల మేతగా విస్తరించిన ఈ పైరుకు ఇవాళ గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్రల్లో మంచి పట్టు ఉంది. బహువార్షిక రకాల్లో ఎక్కువగా వినిపించేవి ఆనంద్-2, ఆర్.ఎల్-88. ఆనంద్-2 పుట్టుక గ్రిమ్ కథకు దగ్గరగా ఉంటుంది: కచ్‌లోని భుజ్ ప్రాంతంలో రైతులు తరతరాలుగా పండిస్తున్న లూసర్న్ నుంచి ఏరి తీసిన రకమిది. ఆర్.ఎల్-88 మహారాష్ట్రలోని రాహురి వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చింది. కోయంబత్తూరు నుంచి కో-1, హర్యానా వైపు నుంచి సిర్సా-8, సిర్సా-9 ఉన్నాయి. హైదరాబాద్ దగ్గరి మామిడిపల్లి ప్రాంతీయ పశుగ్రాస కేంద్రం, రాజేంద్రనగర్‌లోని పశుగ్రాస పరిశోధన విభాగం ఇలాంటి పైర్ల సమాచారానికి మనకు దగ్గరి చోట్లు.

ఈ రకాలన్నీ మన వేడికి సరిపడేవే. అయితే కచ్ కూడా, రాహురి కూడా వాన తక్కువ పడే చోట్లు. కాకినాడలోనో ఖమ్మంలోనో పడే వానకు పరీక్షలో నెగ్గిన మొక్కల నుంచి పుట్టినవి కావు. మన లూసర్న్ వానాకాలంలో పలుచబడిపోవడానికి సాగు లోపాలతో పాటు ఈ కారణమూ ఉంది.

విత్తనంతో పాటే వచ్చే దొంగ

విత్తనం కొనేటప్పుడు గుప్పెడు అరచేతిలో పోసుకుని వెలుతురులో చూడాలి. లూసర్న్ గింజ చిన్న చిక్కుడు గింజ ఆకారంలో, పసుపు-ఆకుపచ్చ కలిసిన రంగులో నున్నగా మెరుస్తుంది. వాటి మధ్య ఇంకా చిన్నవిగా, గుండ్రంగా, గరుకుగా, మట్టిరంగులో కనిపించేవి బంగారు తీగ గింజలు. ఆకూ వేరూ లేని ఆ పసుపు దారం మొలిచి, లూసర్న్ కాడను చుట్టుకుని రసం పీల్చి బతుకుతుంది. ఒక్క చోట మొదలై నెల తిరిగేసరికి చాపంత మేర పసుపు వల పరుస్తుంది. గింజ మట్టిలో పదేళ్లకు పైగా బతికి ఉంటుంది. పశువు కడుపులోంచి కూడా చావకుండా పేడతో బయటికొచ్చి కొత్త చేలకు పాకుతుంది.

విత్తన శుద్ధి చేసే పెద్ద కర్మాగారాల్లో గింజలకు ఇనుప పొడి కలిపి అయస్కాంత డ్రమ్ము మీదుగా పంపుతారు. గరుకు బంగారు తీగ గింజకు పొడి అంటుకుంటుంది, నున్నటి లూసర్న్‌కు అంటదు. రైతు ఇంట్లో చేయగలిగింది సన్న జల్లెడ పట్టడం, ఉప్పునీటిలో పోసి తేలినవి తీసేయడం. అన్నిటికన్నా ముఖ్యం ధ్రువీకరించిన విత్తనమే కొనడం. చేలో తీగ కనిపించగానే అది పట్టిన మొక్కలతో సహా కోసి, పూత రాకముందే అక్కడే తగలబెట్టాలి. పశువుకు వేస్తే వచ్చే ఏడాదికి విత్తనం మనమే చల్లుకున్నట్టు.

మొదలు బతికితేనే పైరు

వేయి గింజలు రెండు గ్రాములు తూగే విత్తనమిది. కిలోలో సుమారు ఐదు లక్షల గింజలుంటాయి. అందుకే దుక్కి మెత్తగా, చదునుగా ఉండాలి. గింజ ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్ల లోతు దాటితే పైకి రాదు. అక్టోబరు, నవంబరుల్లో అడుగుకు ఒక వరుస చొప్పున విత్తితే ఎకరానికి 5-6 కిలోలు, చల్లితే 8-10 కిలోలు పడుతుంది. మొదటిసారి లూసర్న్ వేసే నేలలో దానికి సరిపడే రైజోబియం ఉండదు. అందుకని విత్తనానికి ప్రత్యేకించి లూసర్న్ రైజోబియం కల్చరే పట్టించాలి, పెసర, మినుములకు వాడేది పనిచేయదు. నెలన్నర తర్వాత ఒక మొక్కను మట్టితో సహా తవ్వి బుడిపెలు నలిపి చూస్తే లోపల గులాబీ రంగు కనబడాలి. అలా కనిపిస్తే నత్రజని తయారవుతున్నట్టే, యూరియాతో పని లేదు. భాస్వరం, పొటాష్ మాత్రం అడుగుతుంది. టన్ను ఎండు మేతతో పాటు పొలం నుంచి పాతిక కిలోల దాకా పొటాష్ వెళ్లిపోతుంది. కోసిన మేత పశువుకు, పేడ తిరిగి పొలానికి చేరకపోతే మూడో ఏటికి ఆ లోటు పైరు మీద కనపడుతుంది.

మొదటి కోత 60-75 రోజులకు వస్తుంది. ఆ తర్వాత 25-30 రోజులకు ఒకటి. ఈ గడువు వెనక ఒక కారణముంది. కోసిన వెంటనే కొత్త చిగుళ్లను పోషించేది ఆకు కాదు, వేరులో దాచుకున్న పిండి పదార్థం. రెండు వారాల దాకా ఆ నిల్వ తగ్గుతూ పోతుంది. ఆకు తేరుకున్నాక మళ్లీ నిండుతూ పది మొక్కల్లో ఒకదానికి పూత కనిపించే వేళకు పూర్తవుతుంది. ఇంట్లో మేత చాలలేదని పద్దెనిమిది, ఇరవై రోజులకే కొడవలి పెడితే ప్రతి కోతకూ వేరు ఖాళీ అవుతుంది. అలాంటి చేను మొదటి వానలకే పోతుంది. నిందేమో వాన మీద పడుతుంది. వానాకాలం ముందరి కోతను మాత్రం పూర్తిగా పూతకు వచ్చేదాకా ఆపి, నాలుగు వేళ్ల ఎత్తు మోడు వదిలి కోయడం మంచిది.

రెండేళ్ల మొక్కను తవ్వి చూస్తే నేల మట్టానికి పిడికిలంత మొదలు ఉంటుంది, దాని చుట్టూ పదుల కొద్దీ మొగ్గలు. కొత్త కాడలన్నీ వచ్చేది అక్కడి నుంచే. ట్రాక్టరు చక్రం, మేకల గిట్టలు, మరీ కిందికి కోసే కొడవలి దెబ్బతీసేది ఈ మొదలునే. చేను ఉంచాలా దున్నాలా తేల్చుకోవడానికి అమెరికా విస్తరణ శాఖలు తేలికైన కొలత చెబుతాయి: అడుగు పొడవు, అడుగు వెడల్పు చదరంలో కాడలు లెక్కపెట్టడం. యాభై అయిదు పైన ఉంటే చేను నిండుగా ఉన్నట్టు, నలభైకి తగ్గితే దున్నేసే రోజు వచ్చినట్టు.

పలుచబడిన చోట కొత్త విత్తనం చల్లి పూడ్చుకుందామనుకునేవాళ్లు ఎక్కువ. అది సాగదు. ముదిరిన లూసర్న్ మొక్కల నుంచి నేలలోకి చేరే పదార్థాలు తమ జాతి మొలకలనే ఎదగనీయవు. చేను దున్నాక ఒక ఏడాది జొన్నో మొక్కజొన్నో వేసి, ఆ తర్వాతే మళ్లీ లూసర్న్ వేయాలి. ఆ జొన్నకు నేలలో మిగిలిన నత్రజని ఉచితంగా దొరుకుతుంది.

గాటి దగ్గర లెక్క

మంచి యాజమాన్యంలో ఎకరానికి ఏటా 25-35 టన్నుల పచ్చిమేత వస్తుంది. పచ్చి లూసర్న్‌లో నీరు పోను ఎండు పదార్థం అయిదో వంతు, ఆ ఎండు పదార్థంలో మాంసకృత్తులు మళ్లీ దాదాపు అయిదో వంతు. అంటే పది కిలోల పచ్చి లూసర్న్‌లో నాలుగు వందల గ్రాముల మాంసకృత్తులు, సుమారు ఒక కిలో వేరుశనగ చెక్కలో ఉన్నంత. కాల్షియం అదనం. రెండు పాడి గేదెలకు రోజుకు పదేసి కిలోల చొప్పున ఏడాదికి ఏడు టన్నుల పైచిలుకు కావాలి. పావు ఎకరం, అంటే పది గుంటలు, దానికి సరిపోతుంది. లూసర్న్ ఎకరాల్లో వేయాల్సిన పైరు కాదు. గడ్డిజాతి మేతకు తోడుగా పావో అరో ఉంటే దాణా ఖర్చు కళ్లకు కనపడేంత తగ్గుతుంది.

చెక్కలా దీన్ని ఇష్టానికి పెట్టడం మాత్రం కుదరదు. లేత లూసర్న్‌లోని మాంసకృత్తులు పొట్టలో ఒక్కసారిగా కరిగి జిగట నురగ కడతాయి. పశువు తేన్చి గాలి వదలలేదు. ఎడమ డొక్క పొంగుతుంది, ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పెరిగి గంటల్లో ప్రాణం పోతుంది. ఆకలి మీదున్న గేదెను తెల్లవారుజామున మంచు తడి లూసర్న్ చేలోకి తోలడం ఈ ప్రమాదాన్ని కోరి తెచ్చుకోవడమే. కోసిన మేతను కొన్ని గంటలు వాడనిచ్చి, వరిగడ్డితోనో నేపియర్‌తోనో కలిపి ముక్కలు చేసి, పచ్చిమేతలో మూడో వంతు మించకుండా, ముందు ఎండుగడ్డి తినిపించి పెడితే భయం లేదు. డొక్క పొంగితే పశువైద్యుడికి కబురు పెట్టి, ఆయన వచ్చేలోగా పావు లీటరు వంటనూనె నెమ్మదిగా పట్టించాలి. నూనె ఆ నురగను విరగ్గొడుతుంది.

నీటి పద్దు

లూసర్న్ మీద ఇవాళ ప్రపంచంలో ఉన్న పెద్ద ఫిర్యాదు నీళ్లు తాగుతుందని. సౌదీ అరేబియా తన భూగర్భజలం అడుగంటడంతో పచ్చిమేత సాగును మాన్పించే దారి పట్టింది. అక్కడి డెయిరీ సంస్థ అల్మరాయ్ 2014లో అమెరికాలోని అరిజోనాలో భూములు కొని, పండించిన లూసర్న్‌ను ఎండబెట్టి ఓడల్లో స్వదేశానికి పంపింది. ఎడారి రాష్ట్రపు నీళ్లు మూటకట్టి పంపుతున్నారన్న గొడవ ముదిరి, 2023 అక్టోబరులో అరిజోనా గవర్నర్ కేటీ హాబ్స్ ఆ సంస్థకు ప్రభుత్వ భూమి లీజు ఒకటి రద్దు చేశారు. ఇంకోవైపు పశ్చిమ ఆస్ట్రేలియాలో ఈ దాహమే వరమైంది. అక్కడ అడవి కొట్టి గోధుమ వేశాక భూగర్భజలం ఉప్పుతో సహా పైకి ఉబికింది. లోతుగా వేరు దించి ఆ నీటిని పీల్చే లూసర్న్‌ను చౌడు అడ్డుకోవడానికి కొందరు రైతులు సాగు చేశారు.

శతాబ్దం కిందట కొలరాడోలో బ్రిగ్స్, షాంట్జ్ అనే శాస్త్రవేత్తలు కుండీల్లో కొలిచిన లెక్క ఇప్పటికీ ఉపయోగమే. కిలో ఎండు మేత తయారవడానికి లూసర్న్ 800 లీటర్లకు పైగా నీరు ఆవిరి చేసింది. జొన్నకు 300 లీటర్ల పైచిలుకు చాలింది. మేత బరువు చూస్తే జొన్నదే గెలుపు. అయితే లూసర్న్ కిలోలో 200 గ్రాముల మాంసకృత్తులుంటే జొన్న చొప్పలో 80 గ్రాములు దాటడం కష్టం. మాంసకృత్తుల కిలోకు లెక్కిస్తే రెండూ దాదాపు నాలుగు వేల లీటర్ల దగ్గర సమానమవుతాయి. నీళ్లు తాగేస్తుందన్న నింద కడుపు నింపే మేతగా వాడితే నిజం, చెక్కకు బదులుగా వాడితే అంత నిజం కాదు. బోరు ఒట్టిపోయే ఊళ్లలో అయితే ఈ వాదన నిలవదు. అక్కడ వేసవి తడులు ఇవ్వలేని రైతు లూసర్న్ జోలికి పోకపోవడమే మంచిది.

పక్కన నిలబడే పోటీదారులు

లూసర్న్ చేసే పని చేయగల పైర్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. దశరథ గడ్డి వాటిలో ముఖ్యం. లూసర్న్ కన్నా మాంసకృత్తులు కొంచెం తక్కువ, కాడ ముదిరితే పుల్లలా గట్టిపడుతుంది. అయితే పొట్ట ఉబ్బరం భయం లేదు, వానకూ బెట్టకూ బెదరదు, ఏళ్ల తరబడి కోసుకోవచ్చు. గింజ తొక్క గట్టిది, వేడినీటి శుద్ధి లేకపోతే మొలక రాదు. బీడు, గుట్ట వాలు నేలల్లో స్టైలో మేలు. 50-60 రోజుల్లో చేతికొచ్చే అలసంద ఖరీఫ్‌లో జొన్నతో కలిసి బాగా పెరుగుతుంది. డెల్టాల్లో వరి మాగాణిలో తేమ మీదే జనుము, పిల్లిపెసర చల్లుకునే పాత అలవాటు ఉంది. ఆ నేలలకు అదే సరిపోయిన పద్ధతి, లూసర్న్ కోసం దాన్ని మానుకోవడం తెలివైన పని కాదు. గట్ల మీద అవిశ, సుబాబుల్ పెంచుకోవచ్చు. సుబాబుల్‌లో మైమోసిన్ ఉంటుంది కనుక పచ్చిమేతలో మూడో వంతు దాటనీయకూడదు.

నీరు దిగే నేల, నమ్మకమైన బోరు, పాలిచ్చే మేలుజాతి పశువులు, కోత గడువు పాటించే ఓపిక ఉన్నచోట లూసర్న్‌కు సాటి లేదు. వీటిలో ఏ రెండు లేకపోయినా దశరథ గడ్డి ముందుంటుంది.

చేయాల్సిన పని

మనకు కావలసిన గట్టిదనం ఇంతవరకూ ఎవరూ పనిగట్టుకుని పెంచలేదు. మిన్నెసోటాలో మంచు చేసిన ఏరివేత మన చేలల్లో ప్రతి వానాకాలం జరుగుతూనే ఉంది. తేడా అల్లా, బతికిన మొక్కల గింజ ఎవరూ దాచడం లేదు. మేత కోసం అన్నీ పూతకు ముందే కోసేస్తాం, పలుచబడగానే దున్ని గుజరాత్ విత్తనమే మళ్లీ తెస్తాం. రెండు వానాకాలాలు దాటిన చేలో ఒక మూల కోయకుండా ఫిబ్రవరి నుంచి పూతకు వదిలితే, పొడి వేసవిలో కాయ కడుతుంది. దానికి తేనెటీగలు కావాలి. లూసర్న్ పువ్వు తెరుచుకోగానే లోపలి కేసరాల కాడ ఈగ ముఖానికి టక్కున తగులుతుంది. ఒకటి రెండు దెబ్బలు తిన్న తేనెటీగ పక్కనుంచి తేనె దొంగిలించడం నేర్చుకుంటుంది, పరాగం అంటదు. అందుకే అమెరికా విత్తన చేలల్లో ఆకులు కత్తిరించే జాతి ఈగలను ప్రత్యేకంగా పెంచుతారు. మన చేల గట్ల మీద గూళ్లు కట్టే ఒంటరి ఈగలు ఆ పని చేస్తాయి, పురుగు మందు ఆపితే.

గింజ తీసేటప్పుడు నాలుగైదు మంచి మొక్కలతో సరిపెట్టుకుంటే రెండో తరానికే బలం తగ్గుతుంది. వందకు తగ్గకుండా బతికిన మొక్కల గింజ కలపాలి. బంగారు తీగ ఉన్న చేను నుంచి ఒక్క గింజా తీయకూడదు. ఒక రైతు వల్ల ఇది పూర్తయ్యే పని కాదు. అనంతపురం, మహబూబ్‌నగర్, ఖమ్మం, గుంటూరు లాంటి వేర్వేరు వాన పడే చోట్ల బతికిన మొక్కల గింజను పోగుచేసి పక్కపక్కన వేసి చూడాల్సింది విశ్వవిద్యాలయాలు, పాడి సంఘాలు. ఖర్చు పెద్దది కాదు, కావలసింది ఏడెనిమిదేళ్ల పట్టుదల.

అంతదాకా, ఈ అక్టోబరులో లూసర్న్ వేసే రైతు పావు ఎకరంతో మొదలుపెట్టి, మేలో ఒకసారి, వానలు వెనకబట్టాక అక్టోబరులో మరొకసారి అదే చదరపు అడుగులో కాడలు లెక్కపెట్టి రాసుకుంటే చాలు. తన నేల మీద, తన వానలో ఈ పైరు ఎన్నేళ్లు నిలుస్తుందో విత్తన సంచి మీది మాట కన్నా ఆ రెండు అంకెలే నమ్మకంగా చెబుతాయి.